విప్పిన చేతినే వెంట పంపండి

ఈ వారం బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడ రెండో స్టేజిలో, ఎగుమతికి బయలుదేరిన ఒక ఎక్స్‌కవేటర్ బూమ్‌ను ట్రెయిలర్ మీద చూసి మనసు నిండింది. బరువెంతో తెల్ల పెయింటుతో రాశారు. గురుత్వకేంద్రం గుర్తు పెట్టారు. స్లింగు ఎక్కడ తగిలించాలో బాణాలు వేశారు. హైడ్రాలిక్ గొట్టాలకు మూతలు బిగించి, పిన్నులకు గ్రీజు పట్టించారు. కొలతా బరువూ రాయని సరుకు గేటు దాటకూడదని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో మీకు తెలుసు.

నా రెండో పట్టుదలా మీకు తెలిసిందే: ఇక్కడ బిగించి పరీక్షించిన యంత్రం విప్పకుండానే ఓడెక్కాలి. మధ్యరకం ఎక్స్‌కవేటర్‌కు అది కుదురుతుంది. వాహనాలు నేరుగా లోపలికి నడిచే రో-రో ఓడైతే తన చైన్ల మీద తానే నడిచి ఎక్కుతుంది. మామూలు కంటైనరు లోపలి వెడల్పు దాదాపు 2.35 మీటర్లే. అందులో పట్టనిదాన్ని పక్కగోడలూ పైకప్పూ లేని ఫ్లాట్ ర్యాక్ మీద కడతారు. ఓడ పక్కకు ఒరిగినా అది కదలకూడదు. అందుకే ఒక్కో పక్క కట్టిన లాషింగు గొలుసుల బలమంతా కలిపితే యంత్రం బరువుకు తగ్గకూడదని ఓడలవాళ్ల మోటు లెక్క.

కానీ భారీ యంత్రాల కంపెనీ బీఈఎంఎల్ చేసే, 205 టన్నులు మోసే గని డంపర్ సంగతో? దాన్ని విప్పకుండా రేవుదాకా మోసే రోడ్డు లేదు; ముక్కలు చేయాల్సిందే.

ఇక్కడే మా పెదనాన్న గుర్తొస్తాడు. చిత్తూరు జిల్లా నుంచి కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌కు వెళ్లి గనిలో ఫిట్టరయ్యాడు. 1880లో జాన్ టేలర్ కంపెనీ అడుగుపెట్టాక ఇంగ్లండు యంత్రాలు సముద్రం దాటి అక్కడికి చేరాయి. చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు. గనిలోకి దించే కేజ్‌లో పట్టని యంత్రం ముక్కలుగానే దిగాలి. పెదనాన్న విప్పేటప్పుడే జతకు జతగా నంబర్లు పంచ్ కొట్టేవాడు. దిగువన చీకట్లో, ఆ నంబర్లను వేలితో తడిమి మళ్లీ బిగించేవాడు. 2001లో ఆ గనులు మూతపడ్డాయి. ఆ ఊళ్లోనే బీఈఎంఎల్ ఇప్పటికీ బుల్‌డోజర్లు చేస్తోంది.

ఆయన పని తలుచుకున్నకొద్దీ నా రెండో పట్టుదల సడలింది. పెద్ద యంత్రాన్ని ముక్కలుగా పంపడమే మేలు. విప్పి బిగించడం చూసిన అవతలి గనివాళ్లకు దాని లోపలి సంగతంతా తెలుస్తుంది. రేపు రిపేరు వస్తే వాళ్లే చేసుకోగలరు.

పీణ్య యజమానులకు నా విన్నపం: యంత్రం ఎన్ని ముక్కలుగా ఓడెక్కాలో డ్రాయింగు వేసేనాడే తేల్చండి. ఇక్కడ విప్పిన ఫిట్టర్‌నే అక్కడ బిగించడానికి పంపండి. ఆయన టిక్కెట్టు ఖర్చు సరుకు ధరలోనే కలపండి.