బుష్‌లు తీసి బేరింగులు వేసే పూట

ఈ వారం ఈ కాలమిస్టుకు చిరాకు తెప్పించింది ఒక కొనుగోళ్ల జాబితా. టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న మేనకోడలి కొడుకు, పద్నాలుగేళ్లవాడు, రిమోట్‌తో నడిచే ఆఫ్‌రోడ్ ట్రక్కు కొనుక్కున్నాడు. బండి ఇంకా మట్టి తొక్కనే లేదు. అప్పుడే అల్యూమినియం సస్పెన్షన్ ఆర్ములు, అల్యూమినియం హబ్బులు, స్టీలు గేర్లు, పెద్ద బ్యాటరీ ఏరి పెట్టుకుని వీడియో కాల్‌లో వరసగా చూపించాడు. అన్నీ కలిపితే బండి ధరకు దగ్గరవుతోంది. “ప్లాస్టిక్ అయితే విరిగిపోతుంది కదా తాతయ్యా!” అన్నది వాడి వాదన.

ఫ్యాన్ కెపాసిటర్ వారం, కుక్కర్ గాస్కెట్ వారం చదివినవాళ్లకు ఈ కాలమ్ మొండిపట్టు తెలిసిందే. విప్పి చూడని వస్తువులో ఏదీ మార్చకూడదు. అందుకే ఆ పిల్లవాడికి ఏడాది పాటు అప్‌గ్రేడ్ మాట ఎత్తవద్దని చెప్పాలనుకున్నాడు కాలమిస్టు.

ప్లాస్టిక్ గురించి మొదట. వాడుండే ఫ్రిస్కో పక్కనే మెకిన్నీ. ట్రాక్సస్ కంపెనీ ప్రధాన కార్యాలయం అక్కడే, మనవాళ్లు వేలల్లో స్థిరపడిన ప్రాంతంలోనే ఉంది. 2008లో ఆ కంపెనీ తెచ్చిన స్లాష్ అనే ట్రక్కు ఎంతోమందికి మొదటి ఆర్‌సీ (రేడియో కంట్రోల్) బండి అయింది. మట్టి దారుల పందేల ట్రక్కుల పోలికతో, పదో వంతు కొలతలో చేసిన బండి అది. దాని సస్పెన్షన్ ఆర్ములు ప్లాస్టిక్‌వే. అది పిసినారితనం కాదు. రాయికి కొట్టుకున్నప్పుడు నైలాన్ జాతి ప్లాస్టిక్ వంగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. అల్యూమినియం వంగితే వంగినట్టే ఉండిపోతుంది, లేదా దెబ్బను లోపలి పిన్నుకూ, ఆర్మును పట్టుకున్న బల్క్‌హెడ్‌కూ దాటిస్తుంది. ఆర్ము మార్చడం కొద్ది నిమిషాల పని. బల్క్‌హెడ్ మార్చాలంటే ముందు భాగమంతా విప్పాలి.

స్టీలు గేర్ల మాట వచ్చేసరికి విజయవాడ ఆటోనగర్ గుర్తుకు రాక మానదు. కుర్రతనంలో ఈ కాలమిస్టు సెలవులకు బాబాయి లారీ వెంట పోయి అక్కడి షెడ్లలోనే ఉండేవాడు. కమాను కట్టలు మార్చే షెడ్డులో ఒక పెద్ద మేస్త్రి ఉండేవారు. కట్ట విరిగిందంటూ లారీ వస్తే ఆయన చెయ్యి ముందు కొత్త కట్ట మీదికి పోయేది కాదు. సుత్తి పట్టుకుని బండి కిందికి దూరి, కట్టలను ఇరుసుకు బిగించే యూ బోల్టుల మీద ఒక్కో దెబ్బ వేసి వినేవారు. బిగువుగా ఉన్న బోల్టు ఖంగుమంటుంది. వదులైనది దబ్బుమని ఊరుకుంటుంది. యూ బోల్టులు వదులైతే కట్టల దొంతర ఇరుసు మీద కదలడం మొదలుపెడుతుంది. ఆ కదలికకు సెంటర్ బోల్టు తెగుతుంది, ఆ బోల్టు కన్నం దగ్గరే కట్ట విరుగుతుంది.

“విరిగింది కట్ట. తప్పు కట్టది కాదురా అబ్బాయ్” అనేవారాయన. మందం కట్ట వేయమని డ్రైవరు ఎంత పోరినా వినేవారు కాదు. పాత కొలతలోనే కట్ట వేసి, బోల్టులు బిగించి, లోడుతో కొంత దూరం తిరిగాక మళ్లీ బిగించుకోవాలని చెప్పి పంపేవారు.

చిన్న ట్రక్కులో ఈ కథే జరుగుతుంది. మోటారు మీద ఉండే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్దది స్పర్ గేరు. స్పర్ పళ్లు అరిగిపోయాయని పిల్లలు స్టీలుది కొంటారు. చాలాసార్లు అసలు కారణం మోటారును పట్టుకునే స్క్రూ అదురుకు వదులై, మోటారు వెనక్కి జరగడం. లోహంలోకి దిగే ఆ స్క్రూకు ఒక చుక్క నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూను వదులు కానివ్వని జిగురు, వేస్తే తీరిపోయే బాధ అది. ప్లాస్టిక్‌లోకి దిగే స్క్రూలకు మాత్రం అది తగలనివ్వకూడదు, కొన్ని రకాల ప్లాస్టిక్ పగుళ్లిస్తుంది. రెండు చక్రాల మధ్య నోటు పుస్తకం కాగితం ముక్క పెట్టి, దగ్గరకు నెట్టి బిగించి, తిప్పి బయటికి తీయాలి. కాగితం చిరగకుండా మడతలు పడితే పళ్ల మధ్య సందు సరిపోయినట్టే. ఇవేవీ చూడకుండా స్టీలు స్పర్ వేస్తే, పళ్లు ఊడి ఆగిపోవాల్సిన దెబ్బ డిఫరెన్షియల్ దాకా పోతుంది.

ఇంతవరకు కాలమిస్టు అనుకున్న దారినే నడిచింది ఆలోచన. కానీ ఆ మేస్త్రిగారే కంకర తోలే లారీ వస్తే, ఎవరూ అడగకుండానే అదనపు కట్ట వేసేవారు. దానికి తగ్గట్టు పొడవాటి యూ బోల్టులు వేసి, హ్యాంగర్లు కూడా చూసేవారు. ఆ లారీకి కట్ట చేర్చడమే మరమ్మతు.

ఆర్‌సీ బండ్లలోనూ అలాంటివి ఉన్నాయి. జపాన్‌లోని షిజువోకాకు చెందిన టమియా కంపెనీ 1984లో గ్రాస్‌హాపర్, 1987లో లంచ్ బాక్స్ తెచ్చింది. విడి భాగాలుగా వచ్చే కిట్లు అవి, కొన్నవాళ్లే బిగించుకోవాలి. చక్రాలు తిరిగే చోట బేరింగుల బదులు బుష్‌లు, అంటే లోపల గుండ్లు లేని ఒట్టి తొడుగులు, పెట్టి ఇచ్చారు. బుష్‌లోకి దుమ్ము దూరితే కన్నం కోలగా అరుగుతుంది, చక్రం ఊగుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు కిట్ బిగించేటప్పుడే రబ్బరు మూత ఉన్న బాల్ బేరింగులు వేసేస్తారు. లంచ్ బాక్స్‌లో మోటారు, గేర్‌బాక్స్, వెనక ఇరుసు ఒకే ముద్దగా ఛాసిస్‌కు వేలాడుతుంటాయి. గట్టిగా వేగం పెంచితే వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది. గేర్‌బాక్స్‌కూ ఛాసిస్‌కూ మధ్య అయిదో షాక్ అబ్జార్బర్ చేర్చి అభిమానులు ఆ గంతులు తగ్గించుకున్నారు. బండి నడిపి, జబ్బు కనిపెట్టి చేసిన మార్పు అది. దీన్ని ఏడాది వాయిదా వేయమనడానికి కారణమే కనబడదు.

పిల్లవాడి బండిలోనూ వెనక చక్రాలకు బుష్‌లే ఉన్నాయి. కాబట్టి కాలమిస్టు చెప్పింది ఇది: బేరింగులు వెంటనే తెప్పించు, తొలి పరుగుకు ముందే వెయ్యి. బేరింగు మార్చాలంటే చక్రం తీయాలి, హబ్బు విప్పాలి, ఇరుసు లాగాలి. ఏ స్క్రూ ఎంత పొడవో, ఏది లోహంలోకి పోతుందో, ఏది ప్లాస్టిక్‌లోకో చేతికి తెలుస్తుంది. ఆ పూట చదివినంత బండిని నెల రోజులు నడిపినా చదవలేరు. అలా చూస్తే కొత్తవాళ్లకు అప్‌గ్రేడే తొలి పాఠం.

కొనాల్సినవాటిలో అన్నిటికన్నా ముందుండాల్సింది మంచి స్క్రూడ్రైవరు. జపాన్ కిట్ల ప్లస్ గుర్తు స్క్రూల కొలత వేరు, మామూలు ఫిలిప్స్ మొన వాటిలో జారి గాడి చెరిపేస్తుంది. హైదరాబాద్‌లో మొదలుపెట్టేవాళ్లకైతే ఇంకో మాట: బండికన్నా ముందు దాని విడిభాగాలు ఇక్కడ దొరుకుతాయేమో చూసుకోవాలి. 2020 బడ్జెట్‌లో బొమ్మల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 60కి పెంచాక ఈ సరదా ఖరీదు బాగా తెలిసొచ్చింది. బండి మీద రాసి ఉండే వాటర్‌ప్రూఫ్ అన్న మాట ఎలక్ట్రానిక్స్‌కే వర్తిస్తుంది. నీళ్లలో నడిపిన రోజు బేరింగులు ఆరబెట్టి నూనె వేయకపోతే తుప్పు ఖాయం. లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని నిండుగా ఛార్జి చేసి వారాల తరబడి ఉంచకూడదు. దాచేటప్పుడు సెల్‌కు 3.8 వోల్టులు చాలు. ఉబ్బిన బ్యాటరీని మళ్లీ ఛార్జికి పెట్టకూడదు.

పెద్ద బ్యాటరీ ముచ్చట మాత్రం వాడు వదల్లేదు. రెండు సెల్స్‌ది 7.4 వోల్టులు, మూడు సెల్స్‌ది 11.1. వేగం ఒకటిన్నర రెట్లవుతుందని వాడే లెక్క కట్టాడు. వేగం అంత పెరిగితే గోడకు తగిలే దెబ్బ శక్తి రెండుంపావు రెట్లవుతుందని కాలమిస్టు దానికి చేర్చాడు. స్పీడ్ కంట్రోలర్ మూడు సెల్స్‌ను తట్టుకుంటుందని రాసి ఉంటేనే ఆ బ్యాటరీ పెట్టాలి. అప్పుడు కూడా ముందు పినియన్ పళ్లు తగ్గించుకోవాలి. ఎన్ని తగ్గించాలన్నది అయిదు నిమిషాలు నడిపి ఆపి, మోటారు వేడి చూసి తేల్చుకోవచ్చు.