మొగలి పువ్వుకు మూడు నిలవలు

ఒడిశా తీరంలో చమఖండి, ఛత్రపురం, గోపాల్‌పూర్ చుట్టూ ఉన్న ఇసుక నేలల్లో చాలా పొలాలకు కంచె మొగలి పొదే. ముళ్ల ఆకు పశువుల్ని ఆపుతుంది, మగ పువ్వు పరిమళం డబ్బు తెస్తుంది. ఆడ చెట్టుకు అనాసలాంటి కాయ కాస్తుంది కానీ ఈ పరిమళం ఉండదు. దేశంలో తయారయ్యే మొగలి అత్తరులో అత్యధిక భాగం గంజాం జిల్లాదే. జర్దాకూ పాన్ మసాలాకూ ఆ ఘుమఘుమ చాలావరకు ఇక్కడినుంచే వెళుతుంది. అవి నోటికి చేసే కీడు అందరికీ తెలిసిందే. నాకు ముచ్చట గొలిపేది బట్టీలో జరిగే పని.

వానాకాలంలో పూలు బాగా వస్తాయి. తెల్లవారుజామున కోసిన పువ్వు ఆ పూటే బట్టీకి చేరాలి, వాడితే వాసన దిగిపోతుంది. డేగు అనే పెద్ద రాగి పాత్రలో నీళ్లు పోసి, వందల పూలు నింపి, మూత అంచుకు మట్టి మెత్తి బిగిస్తారు. అక్కడినుంచి తాడు చుట్టిన వెదురు గొట్టం భపకాలోకి దిగుతుంది. భపకా అంటే నీళ్ల తొట్టిలో కూర్చోబెట్టిన రాగి కుండ. థర్మామీటరు ఉండదు. డేగు లోపలి ఉడుకు చప్పుడు విని పనివాడు కట్టెలు ఎగదోస్తాడు, లేదా వెనక్కి లాగుతాడు. భపకా మీద చెయ్యి ఆనించి, అది వేడెక్కిందంటే తొట్టిలో నీళ్లు మారుస్తాడు. మంట కాస్త పెరిగితే చాలు, సరుకులో మాడు వాసన చేరి ఇక వదలదు.

ఈ ఒక్క డేగునుంచే మూడు సరుకులు వస్తాయి. నిలవలో దేని దారి దానిదే.

మొదటిది మొగలి నీరు. బిర్యానీలో, రసమలైలో వేసేది ఇదే. వాసన పదార్థం నీటిలో లేశంగా మాత్రమే కరిగి ఉంటుంది కాబట్టి ఎండ తగిలినా, సీసా సగం ఖాళీ అయినా నెలల్లో చప్పబడుతుంది.

రెండోది రూహ్, అంటే శుద్ధ తైలం. ఆ నీటినే మళ్లీ కాచి, పైన తేలిన పలచని పొరను జాగ్రత్తగా తీస్తారు. ఇందులో ఎక్కువ భాగం ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒక్క పదార్థమే. బంగారంలా తూచి అమ్మే ఈ సరుకు పాతబడినందువల్ల బాగుపడదు. గాలి తగలకుండా మెడదాకా నింపి, చీకట్లో దాచడమే దానికి చేయగలిగిన సేవ.

మూడోది అత్తరు. ఓపికంతా దీనిలోనే ఉంది. భపకాలో ముందే చందన తైలం పోసి ఉంచుతారు. ఆవిరి అందులోకి దిగుతుంది. చల్లారాక అడుగున చేరిన నీటిని వేరుచేసి మళ్లీ డేగులో పోస్తారు. కొత్త పూలు, అదే నూనె. చందనం ఇక పట్టలేనంత వరకు రోజుల తరబడి ఇదే వరస. చందనంలోని బరువైన అణువులు మొగలి చురుకును పట్టి ఉంచుతాయి. పైగా అత్తర్లకు పేరుపడ్డ కనౌజ్‌లో దీన్ని తోలు కుప్పెల్లో ఉంచేవారు. తోలు రంధ్రాల గుండా తేమ పోతుంది, నూనె నిలుస్తుంది. మూడింటిలో వయసు కలిసొచ్చేది దీనికే.

పైపు పొగాకు దాచేవారికి ఇలాంటి లెక్క తెలుసు. అదిమి పలకలుగా కోసిన ఆకు నింపాదిగా పాకానికి వస్తుంది, సన్నగా తరిగినది గాలికి తొందరగా లొంగుతుంది. ఏది ఎలా పాతబడుతుందన్నది డబ్బా మూసే ముందే, చేతి పనిలోనే తేలిపోతుంది.

చందనం ధర అందక ఇప్పుడు చాలా బట్టీలలో భపకాలో ద్రవ పారఫిన్ పోస్తున్నారు. అది చెడదు, ఎదగదు కూడా. పరిమళం దానిమీద అద్దెకున్నట్టు ఉండి త్వరగా ఖాళీ చేస్తుంది. ఈ బట్టీలకు 2013 గడ్డు సంవత్సరం. ఈ పరిమళం వాడే గుట్కాపై ఒడిశాలో నిషేధం ఆ జనవరిలో అమలైంది, అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. పొదలు మళ్లీ చిగిర్చాయి. చందనం మాత్రం తిరిగి చవక కాలేదు.

అందుకే మొగలి అత్తరు కొనేటప్పుడు ఎన్నేళ్ల నాటిదని అడగకండి. ముందు భపకాలో ఏ నూనె పోశారో అడగండి.