ఆయిలు సీలు మార్పు: సగము చికిత్స

పొదిలి నుండి ఒంగోలు పోవు దారిలో చీమకుర్తి నల్లరాతి గనులు ఉన్నవి. ‘గెలాక్సీ’ గ్రానైటు పేరుతో ఆ రాయి దేశదేశాలకు పోవుచున్నది. దానిని పెకలించు ఎక్స్‌కవేటర్లకు, మోయు డంపర్లకు రాతిపొడి నిత్యశత్రువు. ఇంజను క్రింద నూనె చుక్కలు కనబడగానే ‘సీలు పోయింది, మార్చండి’ అనుట వాడుక. ఈ తీర్పు తప్పని చెప్పలేము. కాని అది సగము మాత్రమే.

సీలు చేయు పని ఏమిటి? తిరుగు షాఫ్టు ఇంజను గోడను దాటి వచ్చుచోట రబ్బరు పెదవి దానిని చుట్టి పట్టుకొనును. సన్నని స్ప్రింగు చుట్ట ఆ పెదవిని బిగించి ఉంచును. రెంటి నడుమ పలుచని చమురుపొర నిలిచి రాపిడిని తగ్గించును. 10 సెంటీమీటర్ల వ్యాసముగల షాఫ్టు నిమిషానికి 2000 చుట్లు తిరిగినచో, పెదవి క్రింద ఉక్కు సెకనుకు సుమారు పదిన్నర మీటర్లు జారును; 8 గంటలలో అది 300 కిలోమీటర్లు!

మెత్తని రబ్బరు ఉక్కును అరగదీయగలదా? ‘గట్టిదే మెత్తనిదానిని గీయును’ అను తరగతి సూత్రము ఇచ్చట విద్యార్థిని తికమక పెట్టును. సూత్రము తప్పు కాదు. మూడవ వస్తువును మరచుట తప్పు. రాతిపొడి, ఇసుక రేణువులు రబ్బరులో నాటుకొని ఆకురాయివలె పనిచేయును. ఉక్కుపై గాడి పడును. ఆ గాడిమీదనే క్రొత్త సీలు కూర్చున్నచో నూనె మరల కారును. గాడిని గోటితో తడిమి చూచి, లోతుగా ఉన్నచో షాఫ్టుకు పలుచని ఉక్కు తొడుగు వేయవలెను. లేదా సీలును కొంచెము జరిపి అమర్చవలెను.

మరచు కారణము మరొకటి కలదు. క్రాంకుకేసు బ్రీదరు పూడుకొన్నచో పిస్టనుల ప్రక్కనుండి జారిన వాయువుల ఒత్తిడి లోపల పెరిగి, మంచి సీలునుండి కూడ నూనెను వెలికి నెట్టును. వేడి కూడ శత్రువే: సాధారణ నైట్రైలు రబ్బరు 100 డిగ్రీల సెంటీగ్రేడుకు మించిన వేడిలో చాలకాలమున్న గట్టిపడి పగులును.

సెకనుకు ఒక చుక్క స్వల్పమేనా? 20 చుక్కలు ఒక మిల్లీలీటరని అనుకొన్నచో 8 గంటలలో దాదాపు లీటరున్నర నేలపాలగును. గమనించకున్న బేరింగులు కాలి ఇంజనే పట్టివేయును.

కావున సీలు మార్చుట చికిత్స. కారణము వెదకుట వైద్యము. మెకానిక్కు పారవేసిన పాత సీలొకటి తెచ్చి తరగతిలో కోసి చూపిన, ఘర్షణ పాఠము విద్యార్థికి కండ్లకు కట్టును.