కొల్టాలో కీర్తన, కైవారంలో తత్వం

కర్ణాటకలో చింతామణి, బాగేపల్లి, తొండేభావి వైపు తెలుగు పల్లెలకు కైవారం తాతయ్యను కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఈక్వడార్‌లో చింబొరాసో ప్రాంతంలో, కిచువా మాట్లాడే ఆదివాసుల సువార్త చర్చిలు మాత్రం మనకు దూరపు సంగతి. దేవుడు వేరు, శాస్త్రం వేరు. అయినా చుట్టరికముంది: రెండుచోట్లా మొక్కు ఇంటి భాషలో, చదువు వేరే భాషలో.

ఈ తాతయ్యే, గాజులమ్ముకుని తిరిగిన నారేయణ (1726–1836 అంటారు), తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు కట్టాడు. వాటికి పూజారి అక్కర్లేదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు, తాళాలుంటే చాలు. అక్షరం రానివాడూ పాడగలడు.

చింబొరాసోలోని కొల్టా కొండల్లో అలా కాదు. అక్కడ పుస్తకం, రేడియో ముందు నడిచాయి. 1964 భూసంస్కరణ చట్టం హాసియెండాల (దొరల పెద్ద ఎస్టేట్ల) వెట్టిని రద్దు చేసింది. ఆ తరువాతి ఏళ్లలో సువార్త చర్చి ఊరూరా లేచింది. జాతర్ల తాగుడు, దానికి చేసే అప్పు తగ్గాయి. 1989లో సొంత మాటలో పూర్తి బైబిలు వచ్చింది. మొన్నటిదాకా దొర ముందు తల వంచినవాడికి అది గౌరవపత్రం.

కష్టం మాత్రం ఇద్దరిదీ ఒకటే. తొండేభావి కుర్రాడు బెంగుళూరు రైలెక్కుతాడు. అలాగే కొల్టా కుర్రాడు కీటోకో గ్వయాకిల్‌కో బస్సెక్కుతాడు. ఊళ్లో మిగిలిన ముసలివాళ్ల కానుకలతో పాస్టరును పోషించడం చర్చికి భారం. భజనకు జీతం ఖర్చు లేదు గానీ, ఎత్తుకునే గొంతు పోతే వంత కూడా పోతుంది. గురుపూర్ణిమకు కైవారం నిండుతుంది. ఊరి భజన మందిరం నిండదు.

తేడా ఇక్కడే. అక్కడి యువకులు గిటారు, కీబోర్డు పట్టుకుని వేదిక మీదే ఉన్నారు; పాట మాత్రం స్పానిష్‌లోకి జారుతోంది. మన పిల్లలకు తెలుగు నోట్లోనే ఉంది, సరిహద్దు అవతల రాష్ట్రమూ సినిమా కూడా దాన్ని నిలబెడుతున్నాయి. తాళం మాత్రం చేతిలో లేదు. వాళ్లకు ఉన్నది మనకు లేదు, మనకున్నది వాళ్లకు లేదు.

అందుకే మందు కూడా ఒకటి కాదు. బడిలో నేర్చే కన్నడ లిపిలోనే అచ్చయిన తెలుగు తత్వం మన పిల్లల చేతికిచ్చి, ఈసారి ఎత్తుకునేది నువ్వే అనాలి. అక్కడి చర్చి, బడిలోనూ కిచువాకు చోటు అడగాలి. పాడేవాళ్లుండీ మాట పోగొట్టుకోవడం, మాట ఉండీ పాడేవాళ్లను పోగొట్టుకోవడం: ఈ రెండింటిలో ఏది చిన్న నష్టమో తేల్చే తక్కెడ నా దగ్గర లేదు.