తుపాకీ ఎక్కడ పెడుతున్నారు?

అమెరికాలో 2022లో తుపాకీకి బలైనవాళ్లు 48 వేల పైచిలుకు. అందులో సగానికి మించి ఆత్మహత్యలే. పత్రికలకెక్కేవి బళ్లలో, మాల్స్‌లో జరిగే కాల్పులు. తుపాకీ భద్రత గురించి డాక్టరు చెప్పే మాట పనిచేసేది మాత్రం ఇళ్లలో.

చచ్చిపోవాలన్న తెగింపు చాలామందిలో ఎక్కువసేపు నిలవదు. ఆ కాసేపట్లో మాత్రలు మింగినవాళ్లలో అత్యధికులు బతికి బయటపడతారు. తుపాకీ అందుకున్నవాళ్లలో పదికి దాదాపు తొమ్మిదిమంది దక్కరు. కాబట్టి డాక్టరు తుపాకీ మంచిచెడ్డల మీద వాదించక్కర్లేదు, మనిషికీ దానికీ మధ్య కాస్త ఆలస్యం కల్పిస్తే చాలు. రైతు ఇంట పురుగుమందు డబ్బా చేతికందేలా ఉంచొద్దని చెప్పడం వెనక ఉన్నదీ ఈ లెక్కే.

ఇంట్లో తుపాకీ ఉందా అని డాక్టర్లు రోగులను అడగకూడదని ఫ్లోరిడా 2011లో చట్టం చేసింది. 2017లో అప్పీలు కోర్టు అందులోని ముఖ్యమైన నిబంధనలను కొట్టేసింది. అడిగే హక్కు దక్కింది సరే, అడిగే తీరు కోర్టు నేర్పేది కాదు. ఫారం నింపుతున్నట్టు ‘తుపాకీ ఉందా?’ అంటే ఎదుటివాళ్లు ముడుచుకుపోతారు. ‘బాబు నడుస్తున్నాడు కదా, మందులు, బ్లీచ్, తుపాకీలాంటివి ఉంటే ఎక్కడ పెడుతున్నారు?’ అంటే ఏ తల్లయినా జవాబు చెబుతుంది.

సలహా చిన్నదే. తూటాలు తీసేసి తుపాకీకి తాళం వేయాలి, తూటాలను వేరేచోట మరో తాళం కింద ఉంచాలి. పరుపు కింద దాస్తే పిల్లలకు తెలియదనుకోవడం పెద్దల అమాయకత్వం. తుపాకీలోంచి దూర్చి బిగించే కేబుల్ తాళం ధర కొద్ది డాలర్లే. పిల్లల క్లినిక్కుల్లో సలహాతోపాటు ఆ తాళాన్నీ చేతిలో పెడితే, తుపాకులను భద్రంగా ఉంచే ఇళ్లు పెరిగాయని 2008లో అచ్చయిన అధ్యయనం చూపింది.

దిగులుతో కుంగిపోతున్న కుర్రాడున్న ఇంట్లో తాళం చాలదు, తాళంచెవి ఎక్కడుంటుందో వాడికి తెలిసే ఉంటుంది. కోలుకునేదాకా తుపాకీని ఇల్లు దాటించడమే మేలు. బంధువుల దగ్గరో, కొన్నిచోట్ల తుపాకుల దుకాణంలోనో, పోలీస్ స్టేషన్‌లోనో ఉంచవచ్చు. చేతులు మార్చే నియమాలు రాష్ట్రానికో తీరు గనుక డాక్టరు ముందే కనుక్కోవాలి. మతిమరుపు జబ్బు మొదలైన పెద్దాయన విషయంలోనైతే, ఆయనకు తెలివిడి ఉండగానే తుపాకీ ఎవరికి అప్పగించాలో ఆయన చేతే చెప్పించడం మర్యాద.

మాటకు లొంగని చోట, ప్రమాదం ముంచుకొస్తుంటే, చాలా రాష్ట్రాల్లో తుపాకీని తాత్కాలికంగా స్వాధీనం చేసుకోమని కోర్టు ఆదేశించగలదు. మేరీలాండ్ వంటిచోట్ల ఆ అర్జీ డాక్టరే పెట్టవచ్చు.