కార్డు మీది గీతను చదవడం

జూన్‌లో బడులు తెరిచారంటే ఐడీ కార్డులు వేసే దుకాణాల్లో ఊపిరి సలపదు. వందల కార్డులు, అన్నీ రేపటికే కావాలి. సరిగ్గా అప్పుడే పిల్లవాడి ముఖం మీదుగా సన్నటి తెల్లగీతతో కార్డు బయటికొస్తుంది. కొత్తవాళ్లయితే ప్రింటర్ ఆపి మళ్లీ వేస్తారు, డ్రైవర్ మళ్లీ ఎక్కిస్తారు. చేయి తిరిగినవాళ్లు పాడైన కార్డులు నాలుగు వరసగా పేర్చి చూస్తారు. ఈ పనితనమంతా ఆ చూపులోనే ఉందని నా నమ్మకం.

ఎందుకంటే ఈ ప్రింటర్‌లో సిరా చల్లడం ఉండదు. రిబ్బన్ మీద పసుపు, మెజెంటా, సయాన్, నలుపు, పైన పారదర్శకమైన పూత ఒకదాని తర్వాత ఒకటిగా ఉంటాయి. కార్డు ప్రతి రంగుకీ ఒకసారి ప్రింట్ హెడ్ కిందికి వెళ్తుంది. హెడ్‌లో అంగుళానికి 300 చొప్పున వేడెక్కే చుక్కలుంటాయి. ఆ వేడికి మూడు రంగులూ పీవీసీలోకి ఇంకుతాయి. నలుపు మాత్రం ఇంకదు, పైన అంటుకుంటుంది. అక్షరాలూ బార్‌కోడూ పదునుగా కనిపించేది అందుకే.

ఇప్పుడు ఆ నాలుగు కార్డులు చూడండి. గీత అన్నింటిలోనూ ఒకేచోట, పొడవునా ఉంటే హెడ్‌లో ఒక చుక్క పనిచేయడం లేదన్నమాట. మురికి అడ్డుపడిందో, కాలిపోయిందో తేలాలి. ప్రింటర్ ఆపి, హెడ్ చల్లారాక, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన స్వాబ్‌తో మెల్లగా తుడవాలి. బ్లేడు, స్క్రూడ్రైవర్ దాని దరిదాపులకు రాకూడదు. తుడిచి ఆరనిచ్చాకా గీత అక్కడే ఉంటే హెడ్ మార్చాల్సిందే, అది ఖరీదైన భాగం. తెల్లచుక్కలు కార్డుకొక చోట పడుతుంటే హెడ్‌ది తప్పు కాదు, దుమ్ముది. శుభ్రం చేసే రోలర్ జిగురు తగ్గి ఉంటుంది, లేదా కార్డులు మూత లేని డబ్బాలో ఉంటాయి. రంగులు ఒకదాని మీద ఒకటి కూర్చోక అంచుల్లో నీడ కనిపిస్తే రోలర్ల మీద కార్డు జారుతోంది. వేళ్ల జిడ్డు కూడా అందుకు చాలు, కార్డును అంచులతోనే పట్టుకోవాలనేది అందుకే.

రిబ్బన్ తెగితే తిట్టుకోకండి. వేడి ఎక్కువ పెట్టినప్పుడు, డిజైన్‌లో అంచుదాకా ముదురు రంగు ఉన్నప్పుడు రిబ్బన్ కార్డుకు అతుక్కుని చిరుగుతుంది. తెగిన కొసను టేపుతో చుట్టుకునే స్పూల్‌కు అంటించి, చిరిగిన మేర దాటించి, వేడి కాస్త తగ్గిస్తే పని సాగుతుంది. రెండు కార్డులు కలిసి లోపలికి పోవడం స్థిర విద్యుత్తు వల్ల. కట్టను చేత్తో విదిల్చి పెడితే చాలు. కార్డు మందం మామూలుగా ఉండే 0.76 మిల్లీమీటర్లకు తేడాగా ఉన్నా ఇరుక్కోవచ్చు. చవక కార్డులతో మిగిలే రూపాయి హెడ్ మరమ్మతులో పోతుంది.

రిబ్బన్ మార్చిన ప్రతిసారీ క్లీనింగ్ కార్డు ఒకటి నడిపే దుకాణాల్లో ఈ తిప్పలు చాలామటుకు రావు. ఆ రెండు నిమిషాలు దండగని మానేసేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, దీన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు. వాడేసిన రిబ్బన్‌ను వెలుతురుకెదురుగా పట్టుకుంటే నలుపు ఊడిపోయిన చోట పిల్లల పేర్లు, ఫోన్ నంబర్లు, చిరునామాలు చదవగలిగేలా ఉంటాయి. రంగుల భాగాల్లో ముఖాలూ ఉంటాయి. అలాంటి చుట్టను చెత్తబుట్టలో పడేయడం నాకు క్షమించరానిదిగా తోస్తుంది. దాన్ని ముక్కలుగా కత్తిరించాకే పారేయాలి. కార్డులు వేయించే బడివాళ్లు ధర మాట్లాడేటప్పుడే ఈ సంగతీ అడగాలి.