కనిపెట్టుట : హబక్కూకు గ్రంథమున నిరీక్షణ స్వరూపము

తెలుగు బైబిలుతో పరిచయములేని విద్యార్థి కీర్తనల గ్రంథమును తెరచినచో, తొలుత నతనిని నిలువరించు పదము ‘కనిపెట్టు’ అనునది. నేటి పత్రికాభాషలో ఈ క్రియకు క్రొత్తదానిని కనుగొనుట యను అర్థమే స్థిరపడినది. టెలిఫోనును కనిపెట్టినవారెవరని బడిపిల్లల నడుగుదుము. దేవునికొరకు కనిపెట్టుకొని యున్నానని తెలుగు క్రైస్తవుడు చెప్పునప్పుడు వాని భావము వేరు, అతడు వేచియున్నాడు. ఈ రెంటికి నడుమ మూడవ అర్థమొకటి మన యిండ్లలో నేటికిని సజీవముగ నున్నది. పొలమునకు పోవు తల్లి చంటివానిని కనిపెట్టుకొని యుండుమని పెద్దపిల్లకు చెప్పును. రోగి ప్రక్కన రాత్రి యెవరు కనిపెట్టుకొని యుందురని బంధువులు తర్కింతురు. కన్ను మరల్పకుండుట, ఏది జరిగినను తత్‌క్షణమే లేచుటకు సిద్ధపడియుండుట - ఇదియే ఆ మాటకు ప్రాణము. ‘ఎదురుచూచు’, ‘వేచియుండు’ అనునవి చేతికందునంత దూరముననే యుండగా అనువాదకులీ పదమును విరివిగ వాడుట యాదృచ్ఛికమని తలచుటకు మాకు మనసొప్పదు. ‘నిరీక్షణ’ అను సంస్కృతపదమును వారు ఆశ యను భావమునకు కేటాయించుటయు ఇట్టిదే. తెలుగు క్రైస్తవ పరిభాషలో ఆశించుట యనగనే చూచుట యగుచున్నది.

దేవుని సమయమును నమ్ముట యనగా నోరు మెదపక కాలము గడపుట యని బోధించు వాడుక కలదు. ఆలస్యమైన కొలది వరము పెద్దదగునని చెప్పువారును కలరు. ఈ రెండభిప్రాయములకును పాతనిబంధనలోని హబక్కూకు గ్రంథము ఆధారమీయదనియు, పైగా వానిని ఖండించుచున్నదనియు మా తలంపు. నిరీక్షించువారికి ఊరటగా ఈ గ్రంథమునుండియే ఒక వాక్యమును తరచు ఉదాహరింతురు గావున ఈ పరిశీలనము అవసరమైనది.

గ్రంథము మూడధ్యాయములు మాత్రమే. కల్దీయులు విజృంభించుచుండిన కాలము, అనగా క్రీ.పూ. ఏడవ శతాబ్ద్యంతము, దీనికి రంగము. ఇతర ప్రవక్తలు దేవుని పక్షమున ప్రజలతో మాటలాడుదురు. హబక్కూకు ప్రజల పక్షమున దేవునితో వాదమాడును. తన మొర యెంతవరకు వినబడకుండును, న్యాయమేల చచ్చుబడినది అని మొదటి ప్రశ్న. దానికి వచ్చిన సమాధానము ప్రశ్నకంటె భయంకరము: దండించుటకు కల్దీయులు వచ్చుచున్నారు. దుష్టుని శిక్షించుటకు అంతకంటె దుష్టుని పంపుట యేమి న్యాయమని ప్రవక్త రెండవమారు నిలదీయును. అట్లు నిలదీసి, ప్రత్యుత్తరము వచ్చునంతవరకు చూచెదనని కావలిగోపుర మెక్కును.

ఇచట తెలుగు పాఠమును హీబ్రూ మూలముతో పోల్చి చూడవలసియున్నది. రెండవ అధ్యాయపు మొదటి వాక్యమున, ప్రవక్త కావలిచోట నిలుచుటకును తొంగి చూచుటకును మూలమున వేరువేరు ధాతువులు గలవు. మూడవ వాక్యమున దర్శనము నెరవేరువరకు వేచియుండుమని దేవుడాజ్ఞాపించునప్పుడు వాడిన ధాతువు మరియొకటి. తెలుగు పాఠమున రెండుచోట్లను ‘కనిపెట్టు’ అను క్రియయే కనబడును. ధాతుభేదము పోయినదని భాషావేత్త నొచ్చుకొనవచ్చును. కాని లాభము నష్టముకంటె హెచ్చని మేమందుము. ప్రవక్త తనంత తా నెక్కి చేయుచున్న పనినే దేవుడు చేయుమనుచున్నాడని తెలుగు పాఠకునకు వెంటనే తోచును. ఆ కావలివాడు ఫిర్యాదిగ నెక్కినవాడు. వాదమును విడిచిపెట్టి దిగిరమ్మని దేవుడు వానికి చెప్పలేదు.

మూడవ వాక్యమున మరియొక విశేషము కలదు. దర్శనము ఆలస్యమైనను కనిపెట్టుమని చెప్పి, అది ఆలస్యము చేయదని వెంటనే చెప్పుట పైకి పరస్పర విరుద్ధముగ నున్నది. మూలమున రెంటికి రెండు వేరు ధాతువులు. తెలుగువారు ‘ఆలస్యము’, ‘జాగు’ అను రెండు మాటలతో ఆ భేదమును నిలిపిరి. మొదటిది గోపురముపై నిలిచినవాని కంటికి తోచు జాప్యము. రెండవది నిర్ణయకాలమును బట్టి లెక్కించునది. ఆ నిర్ణయకాలమును తెలుపు ‘మోయేద్’ అను హీబ్రూ పదమే పండుగ దినములకును, దేవుడు మోషేను కలిసికొను ప్రత్యక్షపు గుడారమునకును వర్తించును. కావున అది గడియారపు గడువుకంటె కలయికకు కుదుర్చుకొన్న వేళ యనుట సమంజసము. వేచినవానికి ఆలస్యము కలిగినమాట నిజమని వాక్యమే యొప్పుకొనుచున్నది. అది వట్టి భ్రమయని త్రోసిపుచ్చలేదు.

1947లో మృతసముద్ర తీరమున కుమ్రాను గుహలో లభించిన చుట్టలలో ఈ గ్రంథమునకు వ్యాఖ్య యొకటి కలదు. ప్రవక్తలు చెప్పినదానికంటె అంత్యకాలము పొడిగింపబడునని ఆ వ్యాఖ్యాత ఈ వాక్యమునకు అర్థము చెప్పెను. వేచి వేచి యలసిన యొక సమాజము తన యలసటనే వ్యాఖ్యగ వ్రాసికొన్నట్లు మాకు తోచును. గ్రీకు అనువాదమున ‘అది వచ్చును’ అనుట ‘ఆయన వచ్చును’ అనుటకు తావిచ్చినది. హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదియవ అధ్యాయమున దానిని ‘వచ్చువాడు’ అని వ్యక్తిపరముగనే గ్రహించినది. దర్శనముకొరకు మొదలైన నిరీక్షణము ఇట్లు వ్యక్తికొరకైనది.

మన సాహిత్యమున మొర యనగనే గజేంద్రుడు స్మరణకు వచ్చును. భక్తి యంతయు నొక్కటే యని ఈ రెంటిని ముడివేయు వ్యాసములు లేకపోలేదు. మాకది తొందరపాటుగ కనబడును. పోతన చిత్రించిన విష్ణువు లక్ష్మికి చెప్పడు, శంఖచక్రముల నందుకొనడు, మొర విన్నతోడనే బయలుదేరును. సంస్కృత భాగవతమున ఆ పోరు వేయేండ్లు సాగినది నిజమే. కాని ఆ జాప్యము ఏనుగు స్వబలమును నమ్ముకొన్న కాలమునకు చెందినది. శరణన్న పిదప జాగులేదు. హబక్కూకునకు జాగు మొర పిదపనే మొదలగును. యోహాను సువార్త పదునొకండవ అధ్యాయమున ఈ భేదము మరింత కటువుగ నున్నది. లాజరు రోగియని కబురు వచ్చినను యేసు తానున్నచోటనే రెండు దినములు నిలిచెను. చేరునప్పటికి సమాధిచేసి నాలుగు దినములైనది. ఆ కుటుంబమును ఆయన ప్రేమించెనని చెప్పిన పిమ్మట, గ్రీకు మూలము ‘కావున’ అను నర్థమిచ్చు అవ్యయముతో ఆ రెండు దినములను ప్రస్తావించును. మీరిక్కడ నుండినచో మా సహోదరుడు చావకుండునని మార్తయు మరియయు వేరువేరుగ అనుట ఫిర్యాదు గాక మరేమి? ఆ మాటకు వారు మందలింపబడలేదు.

లాజరు లేచినాడు గదా, ఆలస్యమువలన మేలే కలిగినది గదా యని యనవచ్చును. ఆ కథకది సరిపోవును. హబక్కూకునకు అట్టి ముగింపు లేదు. ‘వేచియుండుము’ అనుమాట ఎవరు ఎవరికి చెప్పుచున్నారనునది కూడ విమర్శకుడు చూడవలసినదే. గోపురముపై ఆ మాట చెప్పినవాడు దేవుడు. అన్యాయమువలన లాభపడువాడు బాధితునకు అదే మాట చెప్పినచో దాని యర్థము మారిపోవును. జాషువ ‘గబ్బిలము’ (1941)లోని నాయకుడు దేవుని సమయమని చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. కాశీలోని శివునకు గబ్బిలముచేత తన విన్నపమును పంపినాడు. మతము వేరైనను ఆ నిలువు కావలివాని నిలువే.

మూడవ అధ్యాయము పిమ్మట చేర్చబడినదని కొందరు పండితుల మతము. కుమ్రాను వ్యాఖ్యయు మొదటి రెండధ్యాయములతోనే యాగినది. ఎవరు చేర్చినను చేర్చినవారు గ్రంథహృదయ మెరిగినవారే. అందు ప్రవక్త లేమి యంతయు వరుసగ లెక్కపెట్టును: అంజూరపు చెట్టు పూయకున్నను, ద్రాక్ష ఫలింపకున్నను, ఒలీవ పంట తప్పినను, చేను పండకున్నను, దొడ్డిలో గొఱ్ఱెలును సాలలో పశువులును లేకున్నను, తానానందింతుననును. ఈ యారింటిలో ఒక్కటియు తిరిగి వచ్చినట్లు గ్రంథము చెప్పదు. కల్దీయులు మరలి పోయినట్లును చెప్పదు. యెరూషలేము నిజముగనే క్రీ.పూ. ఆరవ శతాబ్ద్యారంభమున వారిచేత కూలినది. ఆ మాటల పిదప గ్రంథమున మిగిలినది గాయకునకు చేసిన యొక సూచన మాత్రమే: దీనిని తంతివాద్యములతో పాడవలెనని.